తేనెరంగు మాత్ర

మార్చి 4

వదిన ఫోన్ చేసింది. ఆరేళ్ళ తర్వాత.

ల్యాబులో రక్తం గొట్టాలను యంత్రంలో అమర్చి మూత వేయబోతున్నాను. తెలియని నంబరు. ఎత్తితే "నేనమ్మా" అంది. ఆ ఒక్క మాటకు మూత పట్టుకున్న చెయ్యి అలాగే ఆగిపోయింది.

"నేను చేశానని మీ అన్నయ్యకి తెలీకూడదు" అంది ముందుగానే. తర్వాత గబగబా చెప్పుకుపోయింది. "ఈ మధ్య మెట్లెక్కుతుంటే మూడో అంతస్తు దగ్గర ఆగిపోతున్నాడట. గుండె మీద బరువేదో పెట్టినట్టుంటోందట. తనతో పనిచేసే మెకానిక్కు చెప్పాడు నాకు. ఈయన్ని అడిగితే గ్యాస్ అంటాడు. డాక్టరు దగ్గరికి పదమంటే మీద పడి కరుస్తాడు."

"కళ్ళు?" అన్నాను.

"ఏం కళ్ళు?"

"రెప్పల మీద, ముక్కు వైపు, కొవ్వు పేరుకుని పసుపు మచ్చల్లాంటివి ఏమన్నా..."

"మీ నాన్నకున్నట్టే" అంది.

అన్నయ్యది లిఫ్టులు బాగుచేసే పని. పాడైన చోటికే పిలుస్తారు కాబట్టి మెట్లెక్కక తప్పదు. నలభై ఏడేళ్ళు. ఇంకా ఏవేవో అడగాలి. మందులు, నిద్ర, నడిస్తే ఎంతసేపటికి ఆయాసం. నేను అడిగింది మాత్రం, "ఇంకా ఈల వేస్తాడా?" అని.

"వేస్తాడు. పాటలో అవే రెండు ముక్కలు. మూడోది రాదు" అంది వదిన. ఇద్దరం నవ్వబోయి ఆగిపోయాం.

"పాపకి పద్నాలుగొచ్చాయి" అని ఫోన్ పెట్టేసింది.

మార్చి 5

అన్నయ్య గురించి ఆలోచించలేదు. పని ఎక్కువగా ఉంది.

మార్చి 6

ఈ రోజూ అంతే. నమూనాల పెట్టె మీద తేదీ వేయబోయి అన్నయ్య పుట్టినరోజు వేశాను. కొట్టేసి మళ్ళీ రాశాను.

మార్చి 9

ఆదివారం. గది ఊడ్చి, బట్టలు ఉతికి, ఇక ఏమీ తోచక నాన్న రేకు డబ్బా దించాను. తపాలా ఆఫీసు గుర్తింపు కార్డు, కళ్ళజోడు, మా యంత్రం గీసిన గీత ఉన్న కాగితం.

ఆ కాగితాన్ని నాన్న చొక్కా జేబులో పెట్టుకుని తిరిగేవాడు. పొద్దున్నే పార్కులో తనతో నడిచేవాళ్ళకు చూపించేవాడు. "మా అమ్మాయి ల్యాబులో తేల్చింది. ఇదివరకు నా రక్తం యాభై ఎనిమిది నిమిషాలే ఆగేది. ఇప్పుడు తొంభై ఆరు!" అని. "దేనికాగుతుందయ్యా, బస్సుకా?" అన్నాడట ఒకాయన. ఇంటికొచ్చి ఆ మాట చెప్పి కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వాడు.

ఆయనకు అర్థమయ్యేలా నేనే చెప్పాను. కొవ్వు నీళ్ళలో కలవదు కాబట్టి రక్తంలో చిన్న చిన్న మూటలుగా ప్రయాణిస్తుంది, ఆ మూటకు ప్రోటీను చుట్టి ఉంటుంది, దాన్నే లైపోప్రోటీన్ అంటారు అని. "అంటే పార్సిలు" అన్నాడు నాన్న. ముప్పై ఏళ్ళు ఉత్తరాలు వేరుచేసిన మనిషి.

"పార్సిలే నాన్నా. మరీ ఎక్కువైతే రక్తనాళం గోడలో చిక్కుకుంటాయి. అక్కడ నూనె కనరెక్కినట్టు పాడవుతాయి. పాడైన చోట గోడ వాచి దారి మూసుకుపోతుంది."

మేం చేసేది ఆ మూటలను గొట్టంలోకి తీసి, కాస్త రాగి కలిపి, ఎన్ని నిమిషాలకు కనరెక్కుతాయో చూడటం. తేనెరంగు మాత్ర, అంటే విటమిన్ ఇ, వేసుకున్నవాళ్ళ రక్తంలో గీత చాలా ఆలస్యంగా పైకి లేచేది. మొదటిసారి అది చూసి ల్యాబులో ఒక్కదాన్నే చప్పట్లు కొట్టుకున్నాను.

కొలెస్టరాల్ తగ్గడానికి డాక్టరు నాన్నకు రాసిన మాత్ర వేరు. నాన్న దాన్ని మానేసి నేనిచ్చింది మాత్రమే వేసుకున్నాడు. పదకొండు నెలలకు పార్కు బెంచీ మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు.

నేను మానమని చెప్పలేదు. నాన్న సరిగ్గా విని ఉండడు.

అన్నయ్యకూ అదే చెప్పాను. నాన్న పోయాక ఆయన సొరుగులో విప్పని మాత్రల అట్టలు దొరికాయి అతనికి. అవన్నీ నా ముందు పెట్టి, "చెల్లి ఆపమందని నాతో అన్నాడు నాన్న. నువ్వన్నావా, లేదా?" అని అడిగాడు. అనలేదన్నాను. ఆయన సరిగ్గా విని ఉండడన్నాను. అన్నయ్య నా మొహంలోకి కాసేపు చూసి, అట్టలన్నీ జేబుల్లో కుక్కుకుని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత నా ఫోన్ ఎత్తలేదు. ఆరేళ్ళు.

మార్చి 15

మా పక్క వీధిలో పెన్నుల కొట్టు ఉంది. కానీ నాలుగు స్టాపుల అవతల ఉన్నది మంచిదని విన్నాను. నా పెన్ను ఆగి ఆగి రాస్తోంది. అందుకని వెళ్ళాను. దానికి ఎదురుగా ఏడంతస్తుల ఆఫీసు భవనం. శనివారాలు అన్నయ్య అక్కడి లిఫ్టు చూస్తాడని వదిన మాటల మధ్య అంది. దానికీ దీనికీ సంబంధం లేదు.

పదీ పావుకు వచ్చాడు. జుట్టు చెవుల దగ్గర తెల్లబడింది. ఎప్పుడూ కుడి భుజానికి ఉండే పనిముట్ల సంచి ఎడమ భుజానికి మారింది. ముఖద్వారం దగ్గర ఉన్నవి నాలుగే మెట్లు. రెండెక్కి, కమ్మీ పట్టుకుని, చేతి గడియారం చూసుకున్నాడు. అలసి ఆగినవాడిలా కాకుండా ఎవరికోసమో ఎదురుచూస్తున్నవాడిలా. ఆ నటన నాకు తెలుసు. నాన్నదే.

"రాసి చూడండమ్మా" అన్నాడు కొట్టాయన, కాగితం జరిపి. రాశాను. "బాగా రాస్తోంది కదా?" అన్నాడు. కిందికి చూస్తే కాగితం మీద "అన్నయ్యా" అని నాలుగుసార్లు ఉంది.

అమ్మ పోయినప్పుడు నాకు తొమ్మిదేళ్ళు, అతనికి పద్నాలుగు. బడికి నా జడలు అతనే వేసేవాడు. కరెంటు వైరు చుట్టినట్టు బిగించి వేసేవాడు. సాయంత్రానికి తల పోటెత్తేది. ఒక్క వెంట్రుక ఊడేది కాదు. నొప్పిగా ఉందంటే విప్పేస్తాడని ఏ రోజూ చెప్పలేదు.

మార్చి 16

నిన్న, పిలిస్తే వినపడేంత దూరమే. పిలవలేదు.

ఏప్రిల్ 2

రెండేళ్ళ పరీక్ష ఈ రోజు తేలింది.

గుండెజబ్బున్నవాళ్ళు ఆరువందల పన్నెండు మంది. సగం మందికి తేనెరంగు మాత్ర. సగం మందికి చూడటానికి అచ్చం అలాంటిదే, లోపల ఉత్త నూనె. ఎవరికి ఏది వెళ్ళిందో మాకూ తెలియదు. పొద్దున్న ఆ జాబితా తెరిచాం. బల్ల చుట్టూ ముగ్గురం. మా ల్యాబు పెద్దాయన, లెక్కలావిడ, నేను.

"గొట్టంలో ఫలితం బ్రహ్మాండంగా ఉంది" అంది లెక్కలావిడ. "మనుషుల దగ్గరికొస్తే, మళ్ళీ గుండెపోటు వచ్చినవాళ్ళు మాత్ర వేసుకున్నవాళ్ళలో డెబ్బై ఒక్కరు. నూనె వేసుకున్నవాళ్ళలో డెబ్బై నలుగురు."

"అంటే?" అన్నాడు పెద్దాయన.

"అంటే ఏమీ లేదు సార్. ఇంతమందిలో ముగ్గురి తేడాని తేడా అనరు."

పెద్దాయన కళ్ళజోడు తీసి తుడిచి, మళ్ళీ తుడిచి, "గొట్టం ఫలితాన్ని ముందు అచ్చుకిద్దాం. రెండోది నిదానంగా చూద్దాం" అన్నాడు.

"నిదానంగా అంటే?"

"నిదానంగా అంటే నిదానంగానేనమ్మా."

ఆ పరీక్షలో చేరేవాళ్ళకిచ్చే పత్రం మొదటి పేజీలో ఒక వాక్యం ఉంది. "డాక్టరు రాసిన మాత్రలను ఎవరూ ఏ కారణంతోనూ మానకూడదు." లావు అక్షరాల్లో. ఆ వాక్యం రాసింది నేనే. నాన్న పోయాక ఏడాదికి, ఎవరూ చెప్పకుండానే రాశాను. బాగా రాశావని పెద్దాయన మెచ్చుకున్నాడు.

ఏప్రిల్ 3

నాన్న సరిగ్గా విని ఉండడు.

నాన్న సరిగ్గా విని ఉండడు అని ఆరేళ్ళుగా రాస్తూనే ఉన్నాను. పాత డైరీలు తీసి చూశాను. అదే వాక్యం. పెన్నులు మారాయి.

ఆ రోజు ఆదివారం. వంటింటి గుమ్మంలో పీట మీద కూర్చుని నాన్న పిక్కలు పిసుక్కుంటున్నాడు. డాక్టరు మాత్ర వేసుకున్నప్పటి నుంచీ కాళ్ళు లాగుతున్నాయన్నాడు. నా చేతిలో తొంభై ఆరు నిమిషాల గీత ఉంది. ఆయనకు చూపిద్దామని తెచ్చాను. సంతోషం పట్టలేకుండా ఉన్నాను.

"నీ మాత్ర ఇంత బాగా పనిచేస్తుంటే అది కూడా కావాలంటావా?" అన్నాడు.

కాగితం మీద నుంచి తలెత్తకుండా, "కొన్నాళ్ళు ఆపి చూడు నాన్నా. ఏం కాదులే" అన్నాను.

ఏం కాదులే.

నాన్న సరిగ్గానే విన్నాడు.

ఏప్రిల్ 6

అన్నయ్యకు ఉత్తరం రాశాను. ఫోన్ ఎత్తడు, మెసేజీ చూడడు. కాగితమైతే కనీసం చింపడానికైనా చేతిలోకి తీసుకుంటాడు.

మూడు పేజీలు రాసి చింపాను. చివరికి ఒక పేజీ పంపాను. ఇందులోకి ఎక్కిస్తున్నాను, మళ్ళీ మర్చిపోయి ఇంకోలా గుర్తు తెచ్చుకోకుండా.

"అన్నయ్యా, నాన్నకు ఆ మాత్ర ఆపమని నేనే చెప్పాను. నువ్వు అడిగిన రోజు అబద్ధం చెప్పాను. ఆయన సరిగ్గా వినలేదన్నది ఇంకా పెద్ద అబద్ధం. ఆపకపోయి ఉంటే బతికేవాడా అంటే ఎవరూ చెప్పలేరు. నేనిచ్చిన మాత్ర వల్ల ఉపయోగం లేదని మాత్రం మొన్న మా పరీక్షలోనే తేలింది. ఇంకొకటి. నాన్న పోయిన నెలకు నా రక్తం పరీక్ష చేయించుకున్నాను. నాన్న అంకెలే వచ్చాయి. ఇది మన ఇంట్లో రక్తంలోనే ఉంది. అప్పటి నుంచి డాక్టరు రాసిన మాత్ర ఒక్క రోజు కూడా మానలేదు. ఈ సంగతి నీకు అప్పుడే చెప్పాల్సింది. చెబితే నాన్న మాత్రల సంగతి మళ్ళీ వస్తుందని చెప్పలేదు. నీకు మెట్ల మీద వచ్చేది గ్యాస్ కాదు. నన్ను చూడనక్కర్లేదు. డాక్టరుకు చూపించుకో. పాపకు కూడా రక్తం పరీక్ష చేయించు."

కింద పేరు రాయాలా, చెల్లి అని రాయాలా అని చాలాసేపు కూర్చున్నాను. ఏమీ రాయలేదు. నా దస్తూరి అతనికి తెలుసు. అక్షరాలు దిద్దించింది అతనే.

ఏప్రిల్ 9

ఏమీ లేదు.

ఏప్రిల్ 11

ఫోన్ చార్జింగులో పెట్టాను. ఎక్కుతోందో లేదో అని ఆరుసార్లు చూశాను.

ఏప్రిల్ 14

పెద్దాయనతో మాట్లాడాను. రెండు ఫలితాలూ ఒకే వ్యాసంలో వెళ్ళాలని, లేకపోతే నా పేరు తీసేయమని చెప్పాను.

"ఇరవై ఏళ్ళ పనమ్మా ఇది. గొట్టంలో నిజం కాదా?" అన్నాడు. గొంతులో కోపం లేదు. ముసలితనం ఉంది.

"గొట్టంలో నిజమే సార్. గొట్టాన్ని చూసి మనుషులకి చెప్పకూడదు."

చాలాసేపు కిటికీలోంచి చూశాడు. "శీర్షిక నువ్వే పెట్టు. నేను పెడితే మళ్ళీ గొట్టమే వస్తుంది" అన్నాడు. మనిషి మంచివాడు. ఈ పూట అన్నం తిన్నాను.

ఏప్రిల్ 21

వదిన ఫోన్. ఈసారి గొంతు తగ్గించలేదు.

ఉత్తరం అందిన రోజు అన్నయ్య దాన్ని నిలబడే చదివి, మడిచి, పనికి వెళ్ళిపోయాడట. వారం రోజులు ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదట. ఇవాళ పొద్దున తనే చొక్కా వేసుకుని "ఆసుపత్రికి పద" అన్నాడట. ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తించే పరీక్ష మొదలుపెట్టిన నాలుగో నిమిషంలోనే ఆపేశారు. యాంజియోగ్రాం తీసి చూస్తే రక్తనాళం ఒకచోట తొంభై శాతం మూసుకుపోయింది. రేపు స్టెంటు వేస్తారు.

"వస్తాను" అన్నాను.

"నువ్వు రావద్దన్నాడమ్మా" అంది వదిన. "ఏమనుకోకు."

ఏప్రిల్ 22

వెళ్ళాను. పైకి వెళ్ళలేదు. రావద్దన్నది గదికే కదా. కింద క్యాంటీన్ ఉంది. గోడకు ఆనించిన ప్లాస్టిక్ కుర్చీలు, ఊగే బల్ల, కౌంటరు దగ్గర రోగుల బంధువుల వరుస. తొమ్మిదింటి నుంచి అక్కడే కూర్చున్నాను. కాఫీ మూడుసార్లు చల్లారింది.

పన్నెండు దాటాక బడి సంచి వేసుకున్న అమ్మాయి నా బల్ల దగ్గర నిలబడింది. పొడుగు మనిషి. నాన్న గడ్డం.

"మీరు అత్త కదా?" అంది.

ఎనిమిదేళ్ళ పిల్లగా చూశాను. నా ఒళ్ళో కూర్చుని నా గాజులు లెక్కపెట్టేది. ఇప్పుడు మీరు అంటోంది.

"నాన్న ఎలా ఉన్నారు?"

"అయిపోయింది. బాగానే ఉన్నారు. మెలకువగా ఉండగానే చేశారట. నాన్నేమో డాక్టరుతో, ఆపరేషన్ గది లిఫ్టు చప్పుడు చేస్తోంది, తాడు చూసుకోండి అన్నారట."

నవ్వాను. నవ్వు ఆగలేదు. కాసేపటికి అది నవ్వు కాదని ఆ పిల్లకు అర్థమై, ఎదుటి కుర్చీ లాక్కుని కూర్చుని, కౌంటరు మీది కాగితపు రుమాళ్ళు అన్నీ తెచ్చి నా ముందు పెట్టింది.

"మీరు కింద ఉన్నారని ఎలా తెలిసిందంటే, నాన్నే చెప్పారు. కింద క్యాంటీన్‌లో చూడు, కూర్చుని ఉంటుంది అన్నారు."

"ఇంకేమన్నారు?"

"తిందో లేదో చూడు అన్నారు." రుమాలు ఒకటి నా వైపు జరిపి, "మీ ఉత్తరం నాన్న పనిముట్ల సంచిలో పెట్టుకున్నారు. నేను చదవలేదు. అమ్మ చదివింది" అంది.

వెళ్ళేటప్పుడు లేచి నిలబడితే మడమ వెనక నరం మీద చిన్న ఉబ్బు కనిపించింది. కొవ్వు అక్కడ పేరుకుంటే అలాగే ఉంటుంది. కొత్త చెప్పు కొరికినా అలాగే ఉంటుంది. చెప్పు కొరికిందేమో. చెప్పే అయి ఉంటుంది.

ఏప్రిల్ 23

చెప్పు కాదు. నాకు తెలుసు. వదినకు ఫోన్ చేసి చెప్పాను.

మే 12

మధ్యాహ్నం మూడింటికి ల్యాబు తలుపు దగ్గర అన్నయ్య.

సన్నబడ్డాడు. పక్కన పాప. చేతిలో ఆసుపత్రి చీటీ. "దీని రక్తం తియ్యాలట. ఎక్కడో తీయించేకంటే..." అని ఆపేశాడు. లోపలికి రమ్మన్నాను. చెప్పులు బయట విప్పబోతే అక్కర్లేదన్నాను. అయినా విప్పాడు.

నర్సు పాప చేతి నుంచి రక్తం తీసింది. ఒక గొట్టం ఆసుపత్రికి, ఒకటి మాకు. అన్నయ్య అటు చూడకుండా మా పాత యంత్రం చుట్టూ తిరిగి చూశాడు. "దీని బేరింగు పోతోంది" అన్నాడు. నిజమే. రెండు నెలలుగా గోల చేస్తోంది.

పాప చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళింది. మేమిద్దరం మిగిలాం. ఆరేళ్ళలో అతనికి చెప్పడానికి ఎన్ని దాచుకున్నానో.

"నువ్వు తప్పు చెప్పావని కాదు నా కోపం" అన్నాడు యంత్రంతో మాట్లాడుతున్నట్టు. "నీకు అప్పుడు తెలిసింది అంతే. ఆయనా మానాలనే చూస్తున్నాడు. నాన్న సరిగ్గా వినలేదన్నావ్ చూడు. అదీ. ఆయన చెవులు బాగానే పనిచేసేవి. నువ్వు చెప్పిన ప్రతి మాటా విన్నాడు. పోయిన మనిషి వచ్చి కాదని చెప్పలేడు కదా."

"అవునన్నయ్యా."

"నీ నోటితో ఆ మాట వినాలని ఆరేళ్ళు చూశాను."

"కోపం పోయిందా?" చిన్నపిల్లలా అడిగేశాను.

"లేదు" అన్నాడు. కాస్త ఆలోచించి మళ్ళీ, "లేదు. కానీ నువ్వేదన్నా చెబితే నమ్మొచ్చనిపిస్తోంది. అది కూడా పోయింది కదా అప్పట్లో" అన్నాడు.

పాప వచ్చింది. "అత్తా, ఆ గొట్టంలో నా రక్తం ఏమవుతుందో చూపిస్తావా?" అంది.

చూపిస్తావా అంది. అన్నయ్య కూడా విన్నాడు. విననట్టు చెప్పులు వేసుకున్నాడు.

మే 14

ఆసుపత్రి నుంచి పాప ఫలితం వచ్చింది. చెడ్డ కొలెస్టరాల్ రెండువందల ముప్పై ఎనిమిది. మా ల్యాబులో చూసినా అదే వచ్చింది. ఆ వయసుకు ఉండాల్సిన దానికి రెట్టింపు దాటింది.

గంటసేపు కాగితాన్ని ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఎలా చెప్పాలో నాలుగు రకాలుగా అనుకున్నాను. ఏం కాదులే అన్న మాట నోటిదాకా వచ్చింది. మింగేశాను.

అన్నయ్య నంబరు నొక్కాను. రెండో రింగుకే ఎత్తాడు.

"చెప్పు."

"పాపకి ఉందన్నయ్యా. మనకున్నదే. ఎక్కువగానే ఉంది."

అటువైపు ఏదో భవనంలో లిఫ్టు తలుపులు తెరుచుకుని మూసుకున్న చప్పుడు. మళ్ళీ తెరుచుకుని మూసుకుంది. తప్పు నాది కాకపోయినా, చెబుతున్నది నేనే. పెట్టేస్తాడేమో అనుకున్నాను.

"మాత్ర వెయ్యాలా? ఎప్పుడు వెయ్యాలి? పొద్దునా రాత్రా? తినకముందా, తిన్నాకా?" ఒకదాని వెనక ఒకటి అడిగాడు. వెనకాల కాగితం రెపరెపలు. రాసుకోవడానికి సిద్ధంగా ఉన్నాడు.

నాకు జవాబులు తెలుసు. అన్నీ తెలుసు.

"అది నేను చెప్పకూడదన్నయ్యా. పిల్లల డాక్టరు చూసి చెప్పాలి. ఈ వయసులో తెలిసింది కాబట్టి చెయ్యగలిగింది చాలా ఉంది. అంతవరకే నేను చెప్పగలను."

అతని ఊపిరి వినిపిస్తోంది. ఆయాసం లేని ఊపిరి.

"పాపని చూడటానికి శుక్రవారం పదింటికి టైమిచ్చారు" అన్నాడు. "నాకు వాళ్ళ మాటలు సగం అర్థం కావు. నువ్వొచ్చి పక్కన కూర్చో."